బరువు అడిగిన బల్ల

కొండెక్కేవాళ్లు రాత్రికి ఆగే కామెన్నా బసకి రోడ్డు లేదు. వంటగ్యాసు దగ్గర్నుంచి ఉల్లిపాయల దాకా అక్కడికి చేరేదేదైనా మనిషి వీపు మీద ఎక్కాల్సిందే. ఆ ఎక్కించే పని ఇరవై తొమ్మిదేళ్లుగా వెండెలీన్‌ది. ఎత్తయిన చెక్క చట్రం వీపుకి తగిలించుకుని, దాని మీద డెబ్భై కిలోలు కట్టుకుని, టాత్రా కొండ మీదకి నాలుగు గంటల నడక. అతని సొంత బరువు అరవై ఒక్క కిలోలు. తన కంటే బరువైనదాన్ని మోసుకు తిరుగుతాడని కొండ కింద యెడ్లినా ఊళ్లో అతన్ని చీమ అంటారు. పిల్లలు కూడా ‘చీమ మామా’ అనే పిలుస్తారు, అతనూ పలుకుతాడు.

ఎక్కేటప్పుడు గాడిద, దిగేటప్పుడు దొర అని మోతగాళ్లలో ఓ మాట ఉంది. బరువు బసలో దించేశాక, ఖాళీ వీపుతో దిగడమే వాళ్లకి జీతం కాని జీతం. చలికాలంలో మిగతావాళ్లు స్కీల మీద దిగుతారు. వెండెలీన్ మాత్రం రెండు కాళ్లూ ఒకే బల్లకి బిగించుకునే స్నోబోర్డు మీద దిగుతాడు. యాభై రెండేళ్లవాడు కుర్రాళ్లలా పక్కకి తిరిగి నిలబడి జారిపోతుంటే మొదట్లో ఊరు నవ్వింది. తర్వాత అలవాటు పడింది. రెండేళ్ల కింద ఓ నార్వే వాడి బల్ల వచ్చాక మళ్లీ నవ్వడం మొదలెట్టింది.

ఆ నార్వే ఆయన తొంభై అయిదు కిలోల మనిషి. బస దగ్గర చీలమండ విరగ్గొట్టుకుంటే వెండెలీనే చట్రం మీద కూర్చోబెట్టుకుని కిందకి దింపాడు. ఆయన వెళ్తూ వెళ్తూ బల్ల ఇచ్చిపోయాడు. నల్లటి బల్ల, మనిషంత పొడవు. లోపల ఏం పోసి చేశారో గానీ రాయిలా ఉంటుంది. దాన్ని ఇంటికి తెచ్చిన రోజున కూతురు హెడ్విగా రెండు కుర్చీల మధ్య పెట్టి, నడిమధ్యన మోకాలితో నొక్కి చూసింది. ఆ పిల్లకి తన మెత్తటి బల్ల ఒకటుంది, దాని మీద చిన్నప్పట్నుంచి తిరిగింది.

“నాన్నా, ఇది నీకు వంగదు,” అంది.

“వంగుతుందిలే. కొత్తది కదా.”

“కొత్తదని కాదు. దీని మీద నువ్వు నిలబడితే పిచ్చుక వాలినట్టుంటుంది.”

పెళ్లాం మర్గీతా వంటింట్లోంచి తొంగిచూసి, “పోన్లే, ఇస్త్రీకి పనికొస్తుంది,” అంది. ఆ రోజు నుంచి దాని పేరు ఇస్త్రీ బల్ల.

హెడ్విగా అన్నది నిజమే అయింది. స్నోబోర్డు తిరగాలంటే మనిషి కిందన అది కొంచెం విల్లులా వంగాలి. వంగితే అంచు మంచుని గుండ్రంగా కోసుకుంటూ పోతుంది. ఇది వంగేది కాదు. నెమ్మదిగా పోతే మొండికేసిన గేదెలా నిలబడేది. వేగం అందుకుంటే తిన్నగా పోయేది తప్ప పక్కకి తిరిగేది కాదు. కొత్త మంచులో ముక్కు ముంచుకుపోయేది. వెనక్కి వాలి వాలి అతని తొడలు మండిపోయేవి. ఎవరైనా “ఎలా ఉంది బల్ల?” అనడిగితే “బాగుంది” అనేవాడు. వెండెలీన్ బతుకులో ఆడిన అబద్ధాలు మూడో నాలుగో ఉంటాయి. వాటిలో ఎక్కువసార్లు ఆడింది అదే.

అయినా వదల్లేదు. ఎందుకంటే ఒకే ఒక్కసారి, కిందటి మార్చిలో, గాలికి గట్టిపడ్డ మంచు మీద అది చాకులా పట్టు పట్టింది. నాలుగే మలుపులు. ఐదోదానికి మళ్లీ మామూలే. ఆ నాలుగు మలుపుల కోసం రెండు చలికాలాలు దానితో కాపరం చేశాడు.

ఈ ఫిబ్రవరికి హెడ్విగా పెళ్లి కుదిరింది. బస నడిపే ఒటీలియా ఆ పిల్లకి జ్ఞానతల్లి. చర్చిలో నీళ్లు చల్లిన నాడు ఒళ్లో పట్టుకున్నది ఆవిడే. అప్పట్నుంచి వెండెలీన్ ఆవిణ్ణి ‘క్మోత్రా’ అని పిలుస్తాడు, ఆవిడ అతన్ని ‘వెండో’ అంటుంది. పెళ్లి కేకులు జ్ఞానతల్లి చెయ్యాలి. అది తప్పదు. వచ్చిన ప్రతి ఇంటికీ ఓ పొట్లం కట్టి పంపాలి. బసలో అతిథులున్నారు గనక ఆవిడ కిందకి దిగలేదు. వారం రోజులు అక్కడి కట్టెల పొయ్యి మీదే కాల్చింది. వాటిని దింపుకురావడానికి వెండెలీన్ గురువారం ఎక్కాడు. శుక్రవారం దిగాలి, శనివారం పెళ్లి. శుక్రవారం పొద్దున్న గాలీ మంచూ కలిసి మొదలయ్యాయి. తలుపు తీస్తే ఎదురుగా తెల్లటి గోడ తప్ప ఏమీ లేదు. రోజంతా అలాగే కురిసింది.

శనివారం తెల్లారేసరికి ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. కొండ మీద నడుం లోతు కొత్త మంచు. కాలినడకన ఏడెనిమిది గంటలు. మధ్యాహ్నం ఒంటిగంటకి పెళ్లికొడుకు వాళ్లు పిల్లనడగడానికి ఇంటికొస్తారు, రెండింటికి చర్చి. అమ్మానాన్న ఇద్దరూ గడప మీద నిలబడి దీవిస్తే గానీ పిల్ల ఇల్లు దాటకూడదు. వెండెలీన్ కాఫీ కప్పు పట్టుకుని కిటికీలోంచి లోయనే చూస్తున్నాడు. కాఫీ చల్లారిపోయింది.

“బల్ల మీద పోతాను, క్మోత్రా.”

“కేకులతోనా?”

“కేకులు లేకుండా పోతే మర్గీతా లోపలికి రానిస్తుందా?”

పొయ్యి దగ్గర కూర్చుని రొట్టె మీద పంది కొవ్వు రాసుకుంటున్న గేజా తలెత్తాడు. అరవై ఏడేళ్లవాడు. వెండెలీన్‌కి మోత నేర్పింది ఆయనే. ఇప్పుడు బసలో కట్టెలు కొడతాడు, పెళ్లికి ఆయనా దిగాలి.

“ఒరేయ్ చీమా, ఆ శవపేటిక మూత మీద నువ్వే నిలబడలేవు. వీపు మీద పిండివంటలు పెట్టుకుని నిలబడతావా?”

“నువ్వు వెనకాల రా మామా. పడితే ఏరుకో.”

“నీ పెళ్లినాడు అందర్నీ నవ్వించడానికి ముసుగేసుకుని దొంగ పెళ్లికూతురిగా నిలబడ్డాను. నీ కూతురి పెళ్లినాడు కేకులేరుకుంటాను. నా బతుకంతా మీ కుటుంబానికే సరిపోయింది.”

కొండ రక్షణదళం వాళ్ల మాట రేడియోలో తొమ్మిదిన్నరకి వచ్చింది. ఎడమ గట్టు మీద గాలి మంచుని ఊడ్చేసింది, అది పట్టుకుని పొండి. పెద్ద వాలు కిందకి వెళ్లొద్దు, మంచు విరిగిపడొచ్చు. ఒకరు ఆగాకే ఇంకొకరు కదలండి. ఒటీలియా ఆ మాట రెండుసార్లు చెప్పించుకుని, తర్వాత పెట్టెలు బయట పెట్టింది. ఆరు రేకు పెట్టెలు.

“ఇది గసగసాలది. ఇవి రెండూ వాల్‌నట్లవి. ఇవి రెండూ తేనె కేకు. ఇది మాత్రం క్రీము నింపిన పిండి గొట్టాలు, అరవై ఉన్నాయి. గొట్టాలు విరిగాయో, ఊళ్లోకి పోకు. ఇటే వెనక్కి ఎక్కిరా. కూర్చోబెట్టి గిన్నెలు తోమిస్తా.”

తూకం వేస్తే ముప్ఫై ఒక్క కిలోలు. వెండెలీన్‌కి అదో బరువా. కళ్లు మూసుకుని కట్టాడు. ఇరవై తొమ్మిదేళ్లుగా కట్టినట్టే, అన్నీ పైకి, తలకి మించి ఎత్తుగా, గొట్టాల పెట్టె అన్నిటి కంటే పైన. మోతగాడు అలాగే కడతాడు. ఎక్కేటప్పుడు మనిషి ముందుకి వంగుతాడు గనక, పైనున్న బరువు సరిగ్గా నడుం మీదకి వచ్చి కాళ్లని ముందుకి తోస్తుంది. బరువు కిందకి కట్టేవాణ్ణి చూసి, సెలవులకి వచ్చిన కాలేజీ పిల్లాడు అని నవ్వుతారు. వెండెలీనూ ఎంతమందినో చూసి నవ్వాడు. గేజా పక్కనే ఉండి చూశాడు. ఆయన కళ్లకీ అది సరైన కట్టే.

బస గుమ్మం ముందు నుంచి మెల్లటి వాలు. అక్కడ బల్ల ఎప్పటిలాగే మొండికేసింది. వెండెలీన్ తిన్నగా వదిలేసి వేగం అందుకున్నాడు. గట్టు మొదట్లో మునివేళ్ల మీదకి వాలి మొదటి మలుపు తీసుకున్నాడు. తను వాలాడు. తలపైనున్న ముప్ఫై ఒక్క కిలోలూ వాలాయి, అవి మాత్రం ఆగలేదు. చట్రం తల మీదుగా ముందుకి దూకింది, దాని వెనకాల అతను. కాసేపటికి మంచులోంచి నల్లబల్ల ఒక్కటే నిలువుగా కనిపించింది.

గేజా వచ్చి పట్టీలు విప్పి అతన్ని లాగాడు. “ఉన్నావా?”

“గొట్టాలు చూడు మామా.”

గేజా పైపెట్టె తెరిచాడు. ఒక మూల రేకు సొట్టపోయింది. కింద ఒకే ఒక్క గొట్టం నడుమకి విరిగింది. ఆయన దాన్ని తీసి రెండు ముక్కలూ నోట్లో వేసుకున్నాడు.

“ఏంటది?”

“సాక్ష్యం. ఉండకూడదు,” అని మీసానికంటిన క్రీము తుడుచుకుని బల్ల వైపు చూశాడు. “చెప్పానా, శవపేటిక మూతని.”

వెండెలీన్ మంచులో కూర్చుని, తను పడ్డ చోటు నుంచి వెనక్కి చూస్తున్నాడు. బల్ల వదిలిన గీత అక్కడుంది. లోతుగా, సన్నగా, వంపుగా. మార్చిలో ఆ నాలుగు మలుపులు తప్ప, రెండేళ్లలో ఆ బల్ల అంత చక్కటి వంపు ఒక్కసారీ గియ్యలేదు. పడిపోకముందు, ఒక్క క్షణం, కాళ్ల కింద ఏదో కదిలినట్టు అనిపించింది కూడా.

“మామా, బల్ల తప్పేం లేదు. కట్టు తప్పు.”

“నీ కట్టా? నేను నేర్పిన కట్టు.”

“ఎక్కే కట్టు కట్టాను. మనం దిగుతున్నాం.”

ఇద్దరూ కలిపి యాభై ఏళ్లకి పైగా ఆ కొండ మీద బరువులు మోశారు. బరువుతో దిగాల్సిన పని మాత్రం ఎప్పుడో గానీ పడలేదు, అదీ నడిచే దిగారు. గేజా ముక్కు గోక్కున్నాడు.

తాళ్లు విప్పారు. బరువైన తేనె కేకులు అడుగున, నడుం దగ్గర. గొట్టాలు మధ్యలో, దిండులా చుట్టిన కోటులో. పెట్టెలన్నీ వీపుకి అతుక్కునేలా బిగించారు. అచ్చం సెలవుల పిల్లాడి మూటలా తయారైంది.

“ఎవరూ చూడకముందే పద,” అన్నాడు గేజా. “ఈ కట్టుతో నిన్ను చూస్తే నన్ను కూడా నవ్వుతారు.”

గట్టు మీద గాలి మంచుని దున్నిన చేనులా చాళ్లు చాళ్లుగా గట్టిపరిచింది. మెత్తటి బల్ల మీదైతే అలాంటి చోట పళ్లు టకటకలాడతాయి. ఇది ఆ చాళ్లన్నిటినీ ఇస్త్రీ చేసుకుంటూ పోయింది. వెండెలీన్‌కి మర్గీతా గుర్తొచ్చి నవ్వొచ్చింది. మడమల మీదకి వాలాడు, అంచు పట్టింది. వేళ్ల మీదకి వాలాడు, పట్టింది. మూడు, నాలుగు. కిందటి మార్చిలో ఆగింది అక్కడే. ఐదో మలుపుకి ఊపిరి బిగబట్టాడు.

ఐదోదీ వచ్చింది. ఆరోదీ వచ్చింది. కాళ్ల కింద బల్ల వంగుతోంది. విల్లు ఎక్కుపెట్టినట్టు వంగి, మలుపు చివర అతన్ని తర్వాతి మలుపులోకి తనే విసిరేస్తోంది. రెండేళ్లు అతను దాన్ని తోశాడు. ఇవాళ అది అతన్ని తోస్తోంది.

గట్టు చివర ఆగి వెనక్కి చెయ్యి ఊపాడు. గేజా స్కీల మీద మోకాళ్లు కిరకిరలాడించుకుంటూ వచ్చి చేరాడు. రొప్పుతూ అతన్నీ బల్లనీ మార్చి మార్చి చూశాడు.

“నీ బరువెంత?”

“అరవై ఒకటి.”

“కేకులు ముప్ఫై ఒకటి.” గేజా గాల్లో వేలితో కూడిక వేశాడు. “నువ్వూ కేకులూ కలిస్తే ఒక నార్వే వాడు.”

రెండేళ్లుగా వెండెలీన్‌కి తట్టలేదు. అంత చిన్న లెక్క. డెబ్భై కిలోలు మోసేవాడు రోజూ ఆ బల్ల మీద ఎక్కింది మోత దించేసిన తర్వాతే.

గట్టు కింద నీడపట్టున వెడల్పాటి లోయ పల్లం ఉంది. వాలు తక్కువ, పైనుంచి విరిగిపడే మంచేమీ లేదు. అందులో కొత్త మంచు పిండి జల్లెడ పట్టి పోసినట్టుంది. అతను దేనికైతే భయపడేవాడో అదే. ముక్కు ముంచుకుపోతుందని అలవాటు కొద్దీ వెనక్కి వాలబోయాడు. వాలక్కర్లేకపోయింది. వీపు కింద కట్టిన తేనె కేకులు బల్ల తోకని తొక్కిపెట్టాయి. ముక్కు దానంతటదే లేచి, నీళ్ల మీద బాతు పోయినట్టు పోయింది. మంచు ఛాతీ దాకా లేచి మొహం మీద చిమ్ముతోంది. తొడలు మండలేదు. అతనికి తెలియకుండానే గొంతులోంచి ఓ పాట వస్తోంది, పెళ్లిలో కూతురితో ఆడాల్సిన ఆట పాట. నెలరోజులుగా మర్గీతా తిట్టి మరీ నేర్పిస్తుంటే రాని పాదం ఇక్కడ తప్పు లేకుండా వచ్చింది.

వెనకాల గేజా, “పాట ఆపి ముందు చూడరా,” అని అరిచాడు.

పల్లం దాటాక ఎండపట్టు. అక్కడ మంచు పైన గట్టిగా, లోపల గుల్లగా, అప్పడంలా ఉంది. గేజా స్కీలు పైపొర పగిలి ఇరుక్కుంటూ, లేస్తూ, మళ్లీ ఇరుక్కుంటూ ఉన్నాయి. ఆయన ప్రతి ఇరుకుకీ ఒక తిట్టు తిట్టాడు, ఏదీ రెండోసారి వాడలేదు. వెండెలీన్ బల్ల ఆ పొరని కరకరా నమిలేసి తిన్నగా దారి చేసుకుంది. అక్కడ మలుపులు అందంగా రాలేదు, తిప్పాలంటే గెంతాల్సి వచ్చింది. కానీ ఆగలేదు.

అప్పటికి పదకొండున్నర. వెండెలీన్ మనసులో ఇంటికి చేరిపోయాడు, స్నానం కూడా చేసేశాడు. అడవి మొదలైంది.

చెట్ల మధ్య ఆ బల్ల సంగతి అతనికి తెలుసు, బరువుంటే మారుతుందేమో అనుకున్నాడు. మారలేదు. స్ప్రూస్ చెట్లు భుజాలు రాసుకునేంత దగ్గరగా ఉన్నాయి. అంత పొడవు బల్లకి అక్కడ వేగం అందదు, వేగం లేకపోతే అది వినదు. మొదటి చెట్టుని కౌగిలించుకున్నాడు. రెండోదాన్నీ కౌగిలించుకున్నాడు. రెండో చెట్టు కొమ్మల మీదున్న మంచంతా మెడలోకి జారింది. చెయ్యి వెనక్కి పెట్టి పెట్టెలు తడుముకున్నాడు. చివరికి పట్టీలు విప్పి, బల్ల చంకన పెట్టుకుని, తొడల్లోతు మంచులో నడక మొదలెట్టాడు. ప్రతి అడుగుకీ దిగబడుతూనే ఉన్నాడు. గేజా పక్కనుంచి స్కీల మీద తాపీగా దాటుకుని పోయాడు.

“ఏం దొరా, నడుస్తున్నావ్? గుర్రం అలసిందా?”

“టైమెంత మామా?”

“చూడకు. చూస్తే కాళ్లు వణుకుతాయి.”

అడవి దాటి దుంగల బండ్ల దారిలోకి పడేసరికి ఒంటిగంట దాటింది. ఆ దారి అద్దంలా గడ్డకట్టి ఉంది. బల్ల ఆ మంచు గడ్డ మీద అంచు దిగేసి పోతుంటే గేజా బ్రేకులు లేని బండిలా పక్కకి పక్కకి కొట్టుకుపోయాడు. కానీ చివరి కిలోమీటరు చదును. చేతికర్రలు లేనివాడికి చదునులో వేగం చచ్చిపోయిందంటే ఇక కుంటడమే. వెండెలీన్ బల్ల నెమ్మదించి, నెమ్మదించి, దుంగల కుప్ప దగ్గర ఆగిపోయింది. చర్చి గోపురం అక్కడ్నుంచే కనిపిస్తోంది.

గేజా వచ్చి ముందు నిలబడ్డాడు. ఒక చేతికర్ర వెనక్కి చాచాడు.

“పట్టుకో.”

“నీ మోకాళ్లు మామా.”

“నా మోకాళ్లు నీ కూతురి పెళ్లి తర్వాత ఎలాగూ పనిచెయ్యవు. పట్టుకోమన్నానా.”

అలా అరవై ఏడేళ్లవాడు ముందు లాగుతుంటే, యాభై రెండేళ్లవాడు వెనక బల్ల మీద నిలబడి ఊళ్లోకొచ్చాడు. గేజా మొహం బీట్‌రూట్‌లా ఎర్రబడింది. వీధి మలుపు తిరగ్గానే ఇంటి ముందు జనం. పెళ్లికొడుకు వాళ్లు వచ్చేశారు. తర్వాత నవ్వులు వినిపించాయి. పెళ్లిబృందం పెద్ద, టోపీకి రోజ్‌మేరీ రెమ్మ గుచ్చుకున్న బొద్దాయన, గుమ్మం దగ్గర చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడ్డాడు. ఎదురుగా పోస్టుమాను తెల్లటి కర్టెన్ ముసుగేసుకుని, పెదాలకి ఎర్రరంగుతో, సిగ్గుపడుతున్నాడు.

పిల్లనడిగితే ముందు దొంగ పెళ్లికూతుర్ని పంపడం రివాజే. ఒకర్ని పంపుతారు. నవ్వుకుని, ఓ సీసా ఇచ్చి, అసలు పిల్లని అడుగుతారు. మర్గీతా అప్పటికి నలుగుర్ని పంపింది.

“అమ్మా,” అంటున్నాడు బృందం పెద్ద, “మొదటిదానికి మీసాలున్నాయి. రెండోది చుట్ట తాగింది. మూడోది మా వాడి కంటే పెద్దది. దీని కాళ్లకి పోస్టాఫీసు బూట్లున్నాయి. నా దగ్గర సీసాలు అయిపోయాయి. అసలీ ఇంట్లో ఆడపిల్ల ఉందా?”

“తొందరేం బాబూ,” అంది మర్గీతా తాపీగా. ఆమె చేతులు మాత్రం వంటగుడ్డని పిండుతున్నాయి. “ఇంకా ఒకత్తుంది, చూసి చెప్పండి.”

ఆ ఒకత్తె ఎవరో ఆమెకీ తెలిసినట్టు లేదు. అప్పుడు గేట్లోంచి వెండెలీన్ వచ్చాడు. కనుబొమల మీద మంచు, జుట్టులో స్ప్రూస్ ఆకులు, నడుం కింద సెలవుల పిల్లాడి మూట.

బృందం పెద్ద అతన్ని కింద నుంచి పైదాకా చూసి, “ఇది కూడా మాకొద్దు,” అన్నాడు.

ఇల్లంతా ఘొల్లుమంది. మర్గీతా నవ్వలేదు. వచ్చి, అతని జుట్టులోంచి ఒక ఆకు తీసి, “బూట్లు విప్పు,” అంది.

హెడ్విగా లోపల్నుంచి తెల్లబట్టల్లో వచ్చింది. నాన్న రాకుండా గడప దాటనని పొద్దున్నుంచి ఒకటే మాట మీద కూర్చుందట. వెండెలీన్ తడిబట్టలతోనే మర్గీతా పక్కన నిలబడ్డాడు. పిల్ల మోకరించింది. నుదుటి మీద శిలువ గుర్తు వెయ్యాలి, దీవెన మాటలు చెప్పాలి. వేలు చల్లగా ఉందేమో, హెడ్విగా ఉలిక్కిపడి నవ్వింది. ఆ నవ్వుతో అతను దీవెన మాటలు సగం మర్చిపోయాడు. మిగతా సగం మర్గీతా చెప్పింది.

లేస్తూ ఆ పిల్ల చెవిలో అడిగింది, “ఎలా ఉంది నాన్నా బల్ల?”

అతను ‘బాగుంది’ అనలేదు.

“వంగిందమ్మా.”

హెడ్విగా ఒక్క క్షణం అతని మొహం చూసింది. ఆ తర్వాత పెళ్లికూతురన్న సంగతి మర్చిపోయి మెడ పట్టుకుని ఊపేసింది.

సాయంత్రం ఊరి హాల్లో పెట్టెలు విప్పారు. ఒటీలియా చీటీలో గొట్టాలు అరవై అని రాసుంది. మర్గీతా రెండుసార్లు లెక్కపెట్టినా యాభై తొమ్మిదే వచ్చాయి. గేజా చాలా శ్రద్ధగా పైకప్పు దూలాలు చూస్తున్నాడు. భోజనాల బల్లల మీద గిన్నెలూ సీసాలూ నిండిపోయి, కేకులు పెట్టడానికి చోటు లేదు. మర్గీతా అటూ ఇటూ చూసి, గోడకి ఆనించిన నల్లబల్లని తెచ్చి గుడ్డతో తుడిచింది. రెండు స్టూళ్ల మీద అడ్డంగా వేసి, తెల్లదుప్పటి పరిచి, ఆరు పెట్టెలూ దాని మీద వరసగా పెట్టించింది.

ముప్ఫై ఒక్క కిలోలు, ఒక్క గొట్టం తక్కువ. ఈసారి అది వెంట్రుకవాసి కూడా వంగలేదు.